కంప్యూటరు కొనుటకు తిరుపతి ప్రయాణము



తిరుపతి ప్రయాణమనినంతనే మేము కొండమెట్లను, కోనేటిని, స్వామి దర్శనమును వర్ణింతుమని మీరు తలంతురు. వానిని గూర్చి వ్రాసినవారు వేనవేలు కలరు. మేము వ్రాయబూనినది కొండక్రింది యూరిలో, అంగళ్ల సందులలో మేము గడపిన యొక దినమును గూర్చి. 2025 ఆగస్టు 25వ తేదీ సోమవారమున, వినాయకచవితికి రెండు దినములు ముందు, మేము మువ్వురము చిత్తూరినుండి తిరుపతికిఁ బోయి, మా అమ్మాయికొక కంప్యూటరునకు వలయు భాగములను ఏరి కొని తెచ్చితిమి. అది ఆటలాడుకొనుటకైన కంప్యూటరు. ఆటలకై యింత సొమ్ము వెచ్చింతురా యని మీరడుగవచ్చును. మీకంటె ముందు మా అత్తగారే ఆ మాట యడిగిరి.

మావారు చిత్తూరునకు సమీపమున నొక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. మాకు రెండెకరముల తోతాపురి మామిడితోట కలదు. తోటసొమ్ము చేతికి రాకముందే అందులో నింత ఫలాని పనికని వేరుపరచుట మా యింటి వాడుక. పదునారేండ్ల మా అమ్మాయి కంప్యూటరునకని ఆ యేడు అరువదివేలు వేరుపరచితిమి. కాని 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయిన సంగతి మా జిల్లావారెవ్వరును మరువజాలరు. గుజ్జు తీయు కర్మాగారములవారు కిలోకు 8 రూపాయలును, ప్రభుత్వమువారు 4 రూపాయలును ఇచ్చునట్లు నిర్ణయమైనది. కాయలు నింపిన ట్రాక్టరులు కర్మాగారముల వాకిండ్ల యెదుట బారులుతీరి రేయింబవళ్లు నిలిచినవి. తుదకు లెక్క చూచుకొనగా మా అరువదివేలు నలువదియైదు వేలైనవి.

“ఆడపిల్లకు ఆటల యంత్రమెందుకే? ఆ సొమ్ముపెట్టిన అరకాసు బంగారమైనను వచ్చును గదా. ఆటయని మొదలుపెట్టియే కదా నలుడు, ధర్మరాజు అడవులపాలైరి!” అని అత్తగారనిరి. ఆ వారముననే, అనగా ఆగస్టు 21వ తేదీని, సొమ్ము పందెముగా నొడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించు చట్టమును పార్లమెంటు ఆమోదించినది. మన రాష్ట్రమున 2020లోనే ఆన్‌లైను రమ్మీ మొదలగునవి నిషేధింపబడినవి. మావారు ఆ వార్తను పత్రికలోఁ జదివి వినిపించి, “అమ్మా, పందెమున్నది జూదము, పందెము లేనిది ఆట. దానిని ఆపిరి, దీనిని ఆపలేదు” అని నచ్చజెప్పిరి. అత్తగారు జూదము మాట విడిచిరి గాని అరకాసు మాట విడువలేదు.

ఇచ్చట మా సంగతి కొంచెము చెప్పవలసి యున్నది. మా పుట్టినిల్లొక పల్లె. అయిదవ తరగతికిపై చదువవలెనన్న ఆరేడు మైళ్లు పోవలెను. మా తండ్రిగారు మమ్మింటనే కూర్చుండబెట్టి భారత భాగవతములను, మనుచరిత్రమును, సంస్కృతమున కుమారసంభవమును జెప్పిరి. ఆ విద్య మాకు నేటికిని నీడవలె తోడున్నది. ఆ ఋణము తీరునది కాదు. అయినను మా తమ్ముడు ఆరవ తరగతిలో చేరినప్పుడు వానికొక సైకిలు కొనిరి. మాకును సైకిలు కావలెనని యడిగితిమి. “తరువాత చూతములే తల్లీ” యని తండ్రిగారనిరి. ఆ తరువాత యన్నది రానేలేదు. అందుచేత మా అమ్మాయి తనకు కంప్యూటరు కావలెనని యడిగిననాడు మేము “తరువాత” యని మాత్రమనగూడదని నిశ్చయించుకొంటిమి.

అదియు వట్టి వేడుకకు అడుగలేదు. స్నేహితురాలి యింట అది “రాజీ” యను నాటను జూచినదట. పూనా నగరమున నోడింగ్ హెడ్స్ గేమ్స్ అను సంస్థవారు నిర్మింపగా 2020లో వెలువడిన యాట యది. అసురులెత్తుకొనిపోయిన తమ్ముని వెదకుచు పోవు నొక బాలిక దానికి నాయిక. దుర్గ ఆమెకు త్రిశూలము నొసగును. నడుమ నడుమ కథను తోలుబొమ్మల నీడలవంటి చిత్రములతోఁ జెప్పుదురు. “మన పురాణములతో నిటువంటివి నేనును చేయవచ్చునమ్మా. బొమ్మలు గీయుటకు బ్లెండరు, ఆట కూర్చుటకు గోడో, రెండును ఉచితముగానే దొరకును. యంత్రమొక్కటియే లేదు” అని మా అమ్మాయి చెప్పినది. ఆడుకొనుటకును, ఆటలు చేయుటకును ఒకే యంత్రము చాలునని విని మేము సంతోషించితిమి.

ఆ సోమవారము ఉదయమున చిత్తూరు స్టేషనులో తిరుపతిబండి యెక్కితిమి. బస్సులో పోయిన తొందరగా పోవచ్చును గాని, రైలులో కాళ్లుచాచుకొని లెక్కలు వ్రాసికొనవచ్చునని మా అమ్మాయి కోరినది. దారిపొడుగునను మామిడితోటలు, చెరకు చేలు, నడుమ నడుమ ఏనుగులు పండుకొన్నట్లు నల్లరాతి గుట్టలు. పాకాల దాటినపిదప గుట్టలు పెద్దవగుచు వచ్చినవి. చంద్రగిరి చేరునప్పటికి శేషాచలపు కొండలు కానవచ్చినవి. కోటను జూపి మావారు పాఠము చెప్పుట మొదలిడిరి: తళ్లికోట యుద్ధము పిమ్మట విజయనగర ప్రభువులు పెనుగొండకును, ఆ వెనుక చంద్రగిరికిని రాజధానిని మార్చిరనియు, చంద్రగిరి రాజుల యేలుబడిలోనే 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీవారికి చెన్నపట్టణపు నేల నొసగెననియు చెప్పిరి. “అటులైన నాన్నగారూ, రిచీ వీధి కూడ ఒకనాడు మన చంద్రగిరిదే యన్నమాట” అని మా అమ్మాయి నవ్వినది.

రిచీ వీధి యనునది చెన్నపట్టణమున మౌంటురోడ్డునకు చేరువనున్న యంగళ్ల వీధి. రేడియో భాగములనుండి నేటి కంప్యూటరు భాగములవరకు అచ్చట దొరకని విద్యుద్వస్తువు లేదని ప్రతీతి. సైకిలెక్కి చదివిన మా తమ్ముడిప్పుడు ఆ పట్టణముననే యున్నాడు. వాడు ధరలు విచారించి పంపెను. తిరుపతికంటె మొత్తముపై రమారమి రెండువేలు తగ్గువచ్చును. కాని మువ్వురము పోయివచ్చు ఖర్చు, మరమ్మతు వచ్చిన మరల మోసికొనిపోవు ప్రయాస లెక్కించినచో ఆ రెండువేలు మిగులునవి కావు. ఊరికి దగ్గరనున్న యంగడివాడే మేలని మావారనిరి.

2022 ఏప్రిలు 4వ తేదీని జిల్లాలు విడిపోవువరకు తిరుపతి మా చిత్తూరు జిల్లాలోని యూరే. ఇప్పుడు జిల్లా వేరైనను మా కచ్చట పరాయితనము తోచదు. స్టేషనునుండి నడిచి గోవిందరాజస్వామివారిని సేవించుకొని, వాకిట ఇడ్డెనలు తిని, తిలక్ రోడ్డువైపు పోయితిమి. యాత్రికుల రద్దీలో తలనీలాలు సమర్పించిన శిరస్సులు, లడ్డు సంచులు, బొమ్మల తోపుడుబండ్లు. వాని నడుమ సందులలోనికి దిరిగినచో ప్రింటరులు, సెల్‌ఫోనులు, తీగెలు వ్రేలాడు చిన్న చిన్న యంగళ్లు.

మొదటి యంగడిలో మాకొక అద్దాల పెట్టెను జూపిరి. అందులో నైదు పంకలు ఎరుపు, పచ్చ, నీలము రంగులు మార్చుచు తిరుగుచుండెను. “అంతయు సిద్ధము. కోర్ ఐ7 ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డుతోఁగూడ ముప్పదిరెండు వేలే” యని అంగడివారనిరి. మావారు మావైపు చూచి తలయూచిరి. మాకును ఆశ పుట్టినది. అప్పుడు మా అమ్మాయి, “ఐ7 సరే సార్, ఏ తరమునకు చెందినది?” అని యడిగినది. వారొకింత తడవు మాటాడక, మూడవ తరమని చెప్పిరి. మూడవతరపు ఐ7 2012 నాటిది. దానిలోని కార్డు జీటీ 730. అది 2014 నాటిది. పాత కార్యాలయములలో వాడి విడిచినవాటిని కొత్త అద్దాల పెట్టెలో కూర్చి యమ్ముచుండిరి. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదవతరమునకు ముందటి ప్రాసెసరులను అంగీకరింపదు. విండోస్ 10కిని ఆ యేడు అక్టోబరు 14తో సంస్థవారి సంరక్షణ ముగియనుండెను. అనగా కొన్న రెండు మాసములలోనే ఆ యంత్రము దిక్కులేనిదగును. “పేరులోని 7 పెద్దదైనంతమాత్రమున యంత్రము పెద్దది కాదమ్మా. 2022లో వచ్చిన పండ్రెండవతరపు ఐ3 దీనికంటె ఎంతో వేగమైనది” అని అమ్మాయి వెలుపలికి వచ్చినపిమ్మట చెప్పినది. సోదరీమణులారా, ఈ యొక్క ప్రశ్నను మీరును గుర్తుంచుకొనుడు: ఏ తరము?

రెండవ యంగడి చిన్నది. అచ్చట బల్లవద్ద స్క్రూడ్రైవరు పట్టుకొని కూర్చున్నది ఇరువదియైదేండ్ల యొక యువతి. ఇంతకుమున్ను ఆమె సెల్‌ఫోనులు కూర్చు నొక కర్మాగారమున పనిచేసినదట. సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో 2015లో ఫాక్స్‌కాన్‌వారు సెల్‌ఫోనులు కూర్చుట మొదలిడిన తరువాత మా ప్రాంతపు యువతులెందరో ఆ విద్య నేర్చిరి. ఆమె మా అమ్మాయిని “చెల్లీ, నీ పట్టిక చూపుము” అని యడిగినది.

మా అమ్మాయి వ్రాసికొన్న పట్టిక యిది. పండ్రెండవతరపు ఐ3 ప్రాసెసరు, దానికొక మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒక్క పలక, 256 జీబీ ఎస్.ఎస్.డి., ఎస్.ఎం.పి.ఎస్.తోఁగూడిన చవుక క్యాబినెట్టు. వీనియన్నింటిలో కోఁత పెట్టి మిగిల్చినదంతయు ఆర్.ఎక్స్. 6600 అను గ్రాఫిక్స్ కార్డునకు, దానికొక్కదానికే యిరువదివేలు. మానిటరు లేదు, ఇంటి టీవీకే తగిలించును. యు.పి.ఎస్. లేదు. కీబోర్డు, మౌసులతో మొత్తము నలువదివేలు.

ఈ పేర్లు మాకును కొత్తవే. ఆ యువతి తెలిపిన తీరున మీకు చెప్పెదము. ప్రాసెసరు పని చేయు చేయి. ర్యామ్ ఆ పనికై సామానులు పరచుకొను పీట. పీట యిరుకైన చేయి యెంత చురుకైనను పని సాగదు. ఎస్.ఎస్.డి. సామానులు దాచు కొట్టు. మదర్‌బోర్డు అన్నిటిని కలుపు వాకిలి. గ్రాఫిక్స్ కార్డు తెరపై ముగ్గు వేయు మరియొక చేయి; ఆటలలో క్షణమునకు అరువది ముగ్గులు వేసి చెరుపుచుండవలెను గనుక దానికంత వెల. ఇక ఎస్.ఎం.పి.ఎస్. అనునది గోడనుండి వచ్చు కరెంటును ఆయా భాగములకు తగినట్లు మార్చి పంచి పెట్టునది.

ఆమె చవుక క్యాబినెట్టులోని ఎస్.ఎం.పి.ఎస్.ను ఒక చేతను, విడిగా నమ్ము 550 వాట్లదానిని మరియొక చేతను మాకిచ్చి, “తూచి చూడండమ్మా” అన్నది. మొదటిది బెండువలె తేలికగా నుండెను. పైన 450 వాట్లని వ్రాసియున్నది. కాని చీటీలో 12 వోల్టుల వరుస నెన్ని వాట్లు కలవో చూడవలెనట. కార్డును ప్రాసెసరును తాగునది ఆ వరుసనుండియే. ఆ కార్డున కొక్కదానికే 132 వాట్లు కావలెను. దానికి తగిలించు ఎనిమిది కాళ్ల తీగె ఆ చవుక పెట్టెలో లేనేలేదు. “బరువు మోపిననాడు ఇది తాను కాలుటయే గాక, ఒక్కొక్కప్పుడు తక్కినవానినిఁగూడ కాల్చును” అని ఆమె చెప్పినది.

ఆ మాట వినగానే మాకు మా బోరు మోటారు జ్ఞప్తికి వచ్చినది. అంతకు ముందటియేడు వోల్టేజి పడి లేచుచుండగా మోటారు కాలిపోయి ముప్పదివేలు కూర్చుకొనవలసి వచ్చినది. స్టార్టరు దగ్గర వేయి రూపాయలకు వెనుకాడి ముప్పదివేలు పోగొట్టుకొంటిమి. కంప్యూటరు మా కెరుగని వస్తువే గాని, కరెంటు మా కెరుగనిది కాదు. “పాపా, కరెంటు దగ్గర కోఁత వలదు. మంచి ఎస్.ఎం.పి.ఎస్., యు.పి.ఎస్. రెండును ఉండవలెను” అని మేమంటిమి. “టీవీ సంగతియో? సాయంకాలము ఏడు గంటలకు మీ నాయనమ్మ సీరియలు మాని నీ యాట చూచునా?” అని మావారనిరి. మా అమ్మాయి లెక్క మరల వేసినది. రెండు వస్తువులు, మానిటరు చేర్చునప్పటికి కార్డునకు సొమ్ము చాలలేదు. పుస్తకము మూసి మాటాడక వీధివైపు చూచుచు నిలిచినది.

అప్పుడా యువతి మరియొక దారి చూపినది. ఏఎండీవారి రైజెన్ 5 5600జి అను ప్రాసెసరులోనే ముగ్గువేయు శక్తి కొంత యిమిడి యున్నది. దానితో నిప్పుడు కార్డు లేకయే పని మొదలిడవచ్చును; సొమ్ము చేరిననాడు కార్డు తెచ్చి అదే పెట్టెలో తగిలింపవచ్చును. అయితే దానికి రెండు నియమములు. మొదటిది, ఆ ప్రాసెసరు బొమ్మలకై ర్యామ్‌నే వాడుకొనును గనుక ఒక్క పలక గాక 8 జీబీవి రెండు జోడుగా నుండవలెను. జోడైనచో ర్యామ్‌నకు రెండు దారులగును, ఆటలలో ఆ తేడా కంటికి కనబడును. రెండవది, రేపటి కార్డును మోయగల ఎస్.ఎం.పి.ఎస్. నేడే కొనవలెను. ఇందులో నష్టము లేకపోలేదు. జి లేని 5600లో లోపలి నిల్వ 32 ఎంబీ కాగా దీనిలో 16 మాత్రమే. అందుచే రేపు కార్డు పెట్టినపుడు ఒకింత వెనుకబడును. ఆమె యిది దాచలేదు.

“తరువాత కార్డు కొందములే, పాపా” అని మేమనబోయితిమి. ఆ “తరువాత” యను మాట నోటికి వచ్చుసరికి మా గుండె కలుక్కుమన్నది. మా తండ్రిగారును చెడ్డవారు కారు. వారికిని నిజముగా కొనవలెననియే యుండవచ్చును. కాని ఏనాడని నిర్ణయింపని “తరువాత” గాలికిఁ బోవును. మేము అక్కడికక్కడనే అమ్మాయి పుస్తకమును దీసికొని, చివరి పుటలో “గ్రాఫిక్స్ కార్డు: పాలసొమ్మునుండి నెలకు 1,000, సెప్టెంబరునుండి” అని వ్రాసి, చేవ్రాలు చేసి, మావారిచేతను చేయించి యిచ్చితిమి. మా అమ్మాయి దానిని రెండుసార్లు చదువుకొని, “అక్కా, 5600జి వ్రాయండి” అన్నది.

ధరలు మీకుపయోగించునని వ్రాయుచున్నాము; ఇవి ఆ దినమున మేమిచ్చినవి. ప్రాసెసరు 11,400, బి450 మదర్‌బోర్డు 5,600, ర్యామ్ రెండు పలకలు 3,800, 500 జీబీ ఎన్.వి.ఎం.ఇ. ఎస్.ఎస్.డి. 3,100, 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. 3,900, గాలి చక్కగా నాడు జాలిముఖపు క్యాబినెట్టు 2,600, 24 అంగుళముల మానిటరు 7,700, కీబోర్డు, మౌసు 1,100, యు.పి.ఎస్. 3,200. వెరసి 42,400 రూపాయలు. అద్దాల పెట్టెను విడిచి జాలిదానిని కొనుటకు కారణము మా ప్రాంతపు ఎండలు. లోని వేడి వెలికిఁ బోనిచో ఎంత మంచి యంత్రమైనను నెమ్మదించును. ప్రతి భాగమునకును వేరువేరుగా బిల్లు, సీరియలు సంఖ్య వ్రాయించుకొంటిమి. వారంటీ పెట్టెకు గాదు, ఒక్కొక్క భాగమునకు వేరుగా నుండును.

విండోసునకు వేరుగా వేలు పెట్టవలెను. మొదటి యంగడివారు దానిని ఊరకే వేసి యిత్తుమనిరి, అది దొంగప్రతి. బడిపంతులుగారి యింట దొంగప్రతి యుండరాదని మావారొప్పలేదు. ఈమె ఉచితమైన లైనక్సును వేసి యిచ్చినది. విండోసుకొరకు చేసిన ఆటలు పెక్కులు స్టీమువారి ప్రోటాన్ అను సాధనముచే దానిపైఁగూడ నాడును. వాలొరాంట్ వంటివి కొన్ని ఆడవు. అది మా అమ్మాయి స్నేహితురాండ్రాడు ఆట. అచ్చటను దానికొక చిన్న త్యాగము తప్పలేదు.

మేము చూచుచుండగానే ఆమె మూడు గంటలలో అన్నిటిని కూర్చినది. సాయంకాలము బస్సెక్కి, పెట్టెను మావారు, మానిటరును మేము, యు.పి.ఎస్.ను మా అమ్మాయి ఒడిలో పెట్టుకొని పూతలపట్టుమీదుగా చిత్తూరు చేరునప్పటికి చీకటిపడెను.

ఇంట తీగెలన్నియు తగిలించి మీట నొక్కితిమి. పంకలు తిరిగినవి, దీపము వెలిగినది. తెరపై మాత్రమేమియు రాలేదు. మరల నొక్కితిమి, అదే నలుపు. నలువదిరెండు వేలు! మా అమ్మాయి ముఖము వెలవెలబోయినది. అత్తగారు వాకిట నిలిచి చూచుచుండిరి. వారేమియు ననలేదు, అదియే మాకు మరింత బాధయైనది.

మేము తిరుపతి యంగడికి ఫోను చేసితిమి. ఆ యువతి తొందరపడక, “బస్సు కుదుపులకు ర్యామ్ వదులై యుండునమ్మా. గోడనుండి తీగె పూర్తిగా తీసివేయండి. క్యాబినెట్టు ఇనుమును ఒకసారి ముట్టుకొని, రెండు పలకలను తీసి మరల గాడిలో పెట్టి, టిక్కుమనువరకు రెండు కొనలను సమముగా నదుమండి” అన్నది. అమ్మాయి చేతులు వణకుచుండుటచే మేమే కూర్చుంటిమి. చక్రాల గొట్టములో పిండి కూరి అదిమినంత బలము కావలసివచ్చినది. టిక్కు, మరల టిక్కు. మీట నొక్కగా తెర వెలిగినది. మా అమ్మాయి మమ్ము కౌగిలించుకొన్నది. మాకును కన్నులు చెమర్చినవి. ఆరవ తరగతి చూడని చేతులవి.

చవితినాడు పుస్తకములతోపాటు కంప్యూటరును గూడ స్వామి యెదుట నుంచి పత్రి వేసితిమి. ఆ మధ్యాహ్నము చిత్రముల నాణ్యత కొంచెము తగ్గించి “రాజీ” ఆడుచుండగా అత్తగారు వెనుక వచ్చి నిలిచిరి. బాలిక త్రిశూలము పట్టి అసురునిపైకి దుమికినది. “ఆ పిల్ల యెవరే? అయ్యో, వెనుకనొకడు వచ్చుచున్నాడు, చూడుము!” అని కేకవేసిరి. అరకాసు మాట నాటినుండి వినబడలేదని చెప్పిన అబద్ధమగును. తగ్గినదని మాత్రము చెప్పగలము.

మా అదృష్టమున సమయము కలిసివచ్చినది. ఆ యేటి చివరనుండి ర్యామ్ ధరలు ఎంతయో పెరిగినవి. కృత్రిమ మేధకై కట్టు బ్రహ్మాండమైన యంత్రశాలలకు ఆ ర్యామ్ తరలిపోవుటయే కారణము. మైక్రాన్ సంస్థవారు ఇండ్లవారికమ్ము క్రూషియల్ ర్యామ్‌ను విరమింతుమని 2025 డిసెంబరులో ప్రకటించిరి. ఇప్పుడు కొనువారు పైధరలను నమ్ముకొనక మరల విచారించుకొనవలెను. ఎస్.ఎం.పి.ఎస్. మాత్రము ఎన్నటికిని ఊరకే వచ్చుదానిని దీసికొనకుడు.

మా అమ్మాయి ఇప్పుడు బ్లెండరులో మా తోటలోని బావిని, కప్పిని, చేదను గీయుచున్నది. అది దాని యాటలో మొదటి రంగమట. తెర నెమ్మదిగా సాగినపుడెల్ల పుస్తకపు చివరి పుట తీసి చూచుకొనును. మేమిది వ్రాయునాటికి ఆ పుటలో ఆరువేలు చేరినవి.